తలుపులు, అత్యవసర ద్వారాలు (బస్సులు, ప్రయాణికుల విమానాలు): కోనసీమ ప్రయాణాలు

బస్సు తలుపుకైనా విమానం తలుపుకైనా రెండు పనులు ఉంటాయి. రోజూ జనాన్ని ఎక్కించుకుని దించడం ఒకటి. నిప్పంటుకున్నా, బోల్తా పడినా, నీళ్లలో పడినా లోపలివాళ్లను క్షణాల మీద బయటికి వదలడం రెండోది. ఈ రెండో పని కోసమే పెట్టిన తలుపులను, కిటికీలను, పైకప్పు మూతలను అత్యవసర ద్వారాలంటారు. మొదటి పని చక్కగా చేసే తలుపు రెండో పనికి అక్కరకు రాకపోవడం వల్లే చాలా ప్రమాదాల్లో ప్రాణనష్టం పెరిగింది.

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న కోనసీమకు రోడ్డే ఆధారం. అమలాపురానికి, రాజోలుకు, కొత్తపేటకు ఇప్పటికీ రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. ఎదుర్లంక–యానాం వారధి, చించినాడ వంతెన వచ్చాక బస్సుల దారి సుళువైంది గానీ, కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం రేవుల్లో పంటు మీద గోదావరి దాటేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ సీమ నుంచి గల్ఫ్ దేశాలకు, ముఖ్యంగా కువైట్‌కు, ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు చాలామంది. అలా రాజోలు పక్క పల్లె నుంచి బయల్దేరిన ఒకామె పల్లెవెలుగు బస్సెక్కి, రాత్రికి హైదరాబాదు వెళ్లే ఏసీ స్లీపరులో పడుకుని, శంషాబాద్‌లో విమానం ఎక్కుతుంది. మూడు బళ్లు, మూడు రకాల తలుపులు. ఆపద వస్తే ఎటు వెళ్లాలో ఎదుట నిలబడి చేతులతో చూపించి చెప్పేది మాత్రం మూడోదాంట్లోనే.

పల్లెవెలుగు తలుపు

మన దేశంలో బళ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి బస్సెక్కే తలుపు ఎప్పుడూ ఎడమవైపే ఉంటుంది. హైదరాబాదు సిటీ బస్సుల్లో ముందు తలుపు ఆడవాళ్లకు, వెనక తలుపు మగవాళ్లకు అన్న పద్ధతి చాలా కాలంగా ఉంది. అత్యవసర ద్వారాన్ని ఎక్కే తలుపుకు దూరంగా, కుడి పక్క వెనక భాగంలో గానీ బస్సు వెనక గోడకు గానీ పెడతారు. బస్సు ఎడమకు ఒరిగి పడితే ఎక్కే తలుపు నేలకు ఆనుకుపోతుంది; ముందు నుంచి గుద్దుకుంటే నుజ్జవుతుంది. అప్పుడు ఇంకో దిక్కున దారి ఉండాలి.

ఆ తలుపును దగ్గరగా చూడాలి. ఎర్రరంగుతో రాసిన అక్షరాలు, వాటి కింద పిడికిట్లో పట్టేంత ఇనప పిడి. పిడి తిప్పితే గడియ కమ్మీ చట్రంలోంచి జారి తలుపు బయటికి తెరుచుకోవాలి. పని అంతే. కానీ ఏళ్ల తరబడి ఎవరూ తీయని గడియ వానకు తుప్పు పడుతుంది. బస్సుకు రంగు వేసిన ప్రతిసారీ తలుపు సందులో ఒక పొర చేరుతుంది. తలుపుకు అడ్డంగా సీటు, సీటు పక్కన సంతమూటలు, వాటి మీద అరటి గెల. చివరికి తలుపు ఉన్నట్టే ఉంటుంది, తీయడానికి మాత్రం రాదు. డిపోలో బ్రేకులు చూసినంత మామూలుగా ఈ పిడిని కూడా తిప్పి చూడాలి. దానికి ఖర్చేమీ కాదు.

కిటికీల కడ్డీల సంగతి ఇంకాస్త చిక్కు. పిల్లలు తల బయటపెట్టకుండా, ఎదురొచ్చే లారీకి చేతులు తగలకుండా అడ్డంగా కడ్డీలు బిగిస్తారు. రోజువారీ ప్రయాణంలో అవి కాపాడిన చేతులు లెక్కలేనన్ని. బస్సు కాలవలో పడిన రోజున అవే కడ్డీలు మనిషి పట్టే దారిని రెండు ముక్కలు చేస్తాయి. ఆ కడ్డీల్లో కొన్నయినా లోపలి నుంచి ఊడొచ్చేలా బిగించడం మేలు.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలై, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేకుండా ప్రయాణం వచ్చింది. మంచి పథకం. బస్సులో మనుషులు పెరిగితే ఒక్కో తలుపు గుండా బయటపడాల్సినవాళ్లూ పెరుగుతారు కాబట్టి, సీట్ల మధ్య నడవను, అత్యవసర ద్వారాన్ని ఖాళీగా ఉంచడం మునుపటికన్నా ముఖ్యమైంది. 2018 సెప్టెంబర్ 11న తెలంగాణలో కొండగట్టు ఘాట్ మీంచి లోయలో పడిన ఆర్టీసీ బస్సులో నూరుమందికి పైగా కిక్కిరిసి ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. అంతమంది ఒకరి మీద ఒకరు పడ్డ చోట తలుపు ఎక్కడుందన్న ప్రశ్నే రాదు.

నీళ్లలో పడితే

కోనసీమ రోడ్లలో చాలా భాగం కాలవ గట్ల మీదే నడుస్తాయి. అందుకని ఇక్కడి ప్రయాణికుడికి నిప్పుతో సమానమైన ప్రమాదం నీరు. బయటికి తెరుచుకునే తలుపును నీరు బయటి నుంచి నొక్కి పెడుతుంది. 70 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తలుపు బయట మీటరు ఎత్తున నీరు చేరి, లోపల ఇంకా ఖాళీగా ఉంటే, దాని మీద పడే బలం సుమారు 350 కిలోల బరువుకు సమానం. అంత బలాన్ని ఒక మనిషి తోయలేడు. లోపల కూడా నీరు నిండితే రెండు వైపులా ఒత్తిడి సమానమై తలుపు కదులుతుంది, కానీ అప్పటికి ఊపిరి ఉండాలి. అందుకే బస్సు ఇంకా తేలుతున్నప్పుడే, నీటి మట్టానికి పైన ఉన్న కిటికీల్లోంచి, పైకప్పు మూతలోంచి బయటపడాలి. మునిగాక తలుపు కోసం వెతకడం ఆలస్యమే.

2021 డిసెంబర్ 15న అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా జంగారెడ్డిగూడెం దగ్గర ఆర్టీసీ బస్సు వంతెన మీంచి జల్లేరు వాగులో పడినప్పుడు డ్రైవరుతో సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. గోదావరి మీద లాంచీ ప్రమాదం ఒకటి కూడా ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే అది మూసిన తలుపుల కథే. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివాన మొదలైతే తడవకుండా లాంచీ తలుపులు, కిటికీలు మూశారు. లాంచీ తిరగబడ్డాక లోపలివాళ్లు బయటికి రాలేకపోయారు. గాలివానకు తలుపు వేసుకోవడం ఇంట్లో అందరికీ ఉన్న అలవాటే; నీళ్ల మీద అదే ప్రాణం తీసింది.

ఏసీ బస్సు, స్లీపరు

అమలాపురం, రాజోలు, మలికిపురం నుంచి సాయంత్రం బయల్దేరే ఏసీ బస్సులు రావులపాలెం, తణుకు, ఏలూరు, విజయవాడ మీదుగా తెల్లారేసరికి హైదరాబాదు చేరతాయి. సంక్రాంతికి, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చి తిరిగెళ్లేవాళ్ల రద్దీ చెప్పనక్కర్లేదు. ఈ బస్సుల్లో అద్దాలు తెరుచుకోవు. ఎక్కే తలుపు ఒక్కటే, డ్రైవరుకు ఎడమ చేతివైపు. అది చేత్తో తీసే తలుపు కాదు, గాలి ఒత్తిడితో నడిచేది. కంప్రెసరు నింపిన గాలి సిలిండరులోకి వెళ్లి తలుపును తోస్తుంది; డ్రైవరు నొక్కే మీట విద్యుత్తుతో పనిచేసే వాల్వును ఆడిస్తుంది. మంటలకు తీగలు కాలినా, గుద్దుకోవడంతో చట్రం వంగినా మీట నొక్కి లాభం లేదు. ఇలాంటప్పటి కోసమే తలుపు దగ్గర చిన్న మూత వెనక ఎర్ర పిడి గానీ గుండీ గానీ ఉంటుంది. దాన్ని తిప్పితే సిలిండరులో గాలి బుస్సుమని పోయి, తలుపు చేత్తో తోస్తే కదులుతుంది. ఎక్కేటప్పుడు దాన్ని ఒకసారి చూసి పెట్టుకోవాలి.

2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఏసీ బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొంది. డీజిలు ట్యాంకు పగిలి మంటలు అంటుకున్నాయి. 45 మంది నిద్రలోనే, బయటికి దారి దొరక్క చనిపోయారు. 2025 అక్టోబర్ 24న, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపరు బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద రోడ్డు మీద పడి ఉన్న మోటారుసైకిలును ఈడ్చుకుపోవడంతో నిప్పంటుకుంది. 19 మంది ప్రయాణికులు, ఆ మోటారుసైకిలు మనిషి చనిపోయారు. బయటపడ్డవాళ్లలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లే. ఈ రెండింటి మధ్య, 2023 జూలై 1న మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలో సమృద్ధి రహదారి మీద ఇంకో బస్సు ఎడమ పక్కకు బోల్తా పడి కాలిపోయింది. తలుపు నేలకు ఆనుకుని మూసుకుపోయింది. 25 మంది చనిపోయారు, ఎనిమిది మందే మిగిలారు. పన్నెండేళ్లలో మూడు ప్రమాదాలు, మూడూ అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోపు జరిగినవే, మూడింటిలోనూ ఎక్కిన తలుపు దిగడానికి పనికిరాలేదు.

అద్దం ఎలా పగులుతుందో తెలిసుండడం ప్రాణావసరం. ముందు అద్దం మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అది బీటలు వారుతుందే గానీ రాలిపోదు. దాని మీద బలం వృథా చేసుకోకూడదు. పక్క అద్దాలు కాల్చి గట్టిపరిచినవి. వాటి మధ్యలో ఎంత గుద్దినా వంగి ఊరుకుంటాయి. మూల దగ్గర, అంచుకు నాలుగు వేళ్ల దూరంలో, మొనదేలిన సుత్తితో గట్టిగా కొడితే అద్దమంతా పప్పుబద్దలంత ముక్కలై కూలుతుంది. సెల్‌ఫోనుతో, పిడికిలితో పని జరగదు. చలువ కోసం రెండు పొరల అద్దం పెట్టిన బస్సుల్లో రెండింటినీ పగలగొట్టాలి. ఎండకు అంటించిన ఫిల్ము ముక్కలను రాలనివ్వదు. పగిలాక కాలితో తన్ని తోయాలి. ఇంత పని చేయించే సుత్తి చాలా బస్సుల్లో దాని స్టాండులో ఉండదు. దొంగతనం జరుగుతోందని దాన్ని డ్రైవరు క్యాబిన్‌లో దాచే అలవాటు ప్రమాదకరం, మానాలి.

స్లీపరులో అసలు సమస్య బెర్తుల అమరిక. అత్యవసర కిటికీ ఎవరో ఒకరి బెర్తులో ఉంటుంది. ఆ మనిషి నిద్రలో ఉంటాడు, తెర వేసి ఉంటుంది, పక్క బెర్తువాడికి ఆ కిటికీ ఉన్నట్టే తెలియదు. పై బెర్తు నుంచి చీకట్లో నిచ్చెన వెతుక్కుని ఇరుకు నడవలోకి దిగాలి. ఈలోగా పరుపుల నురుగు కాలి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉంటాయి. మనిషి మంట తాకకముందే స్పృహ కోల్పోతాడు. సీటింగు బస్సుగా రిజిస్టరు చేయించి తర్వాత బెర్తులు బిగించేవాళ్లున్నారు. బెర్తుల చట్రం వేసేటప్పుడు అత్యవసర తలుపుకు అడ్డం వచ్చిందంటే బండి యజమానికి ఒక బెర్తు లాభం, ప్రయాణికులందరికీ ఒక దారి నష్టం. రవాణా శాఖ తనిఖీలో మొదట చూడాల్సింది ఇదే అని చెప్పడానికి వెనకాడనక్కర్లేదు.

కొలతలు, చట్టం

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల కింద బస్సు బాడీకి ఏఐఎస్–052 ప్రమాణం, స్లీపరు బస్సులకు ఏఐఎస్–119 ప్రమాణం ఉన్నాయి. ఇంజను గదిలో మంటను కనిపెట్టి ఆర్పే ఏర్పాటుకు ఏఐఎస్–135 ఉంది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని 107వ నిబంధన ప్రకారం బస్సు అత్యవసర తలుపు కనీసం 125 సెంటీమీటర్ల ఎత్తు, 55 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. అత్యవసర కిటికీలోంచి 70×50 సెంటీమీటర్ల పలక దూరాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బాడీ కట్టే మేస్త్రీలకు ఇలాంటి కొలతలు కొట్టిన పిండే.

అమెరికాలో ఇలాంటి నియమాలను మార్చింది కెంటకీ రాష్ట్రం కారల్టన్ దగ్గర 1988 మే 14న జరిగిన ప్రమాదం. తాగిన డ్రైవరుతో ఎదురుగా వచ్చిన ట్రక్కు గుద్దడంతో, చర్చి పిల్లలను తీసుకెళ్తున్న బస్సు ముందు తలుపు దగ్గర మంటలు లేచాయి. మిగిలింది వెనక తలుపు ఒక్కటే, అరవై మందికి పైగా దానివైపే తోసుకున్నారు. 27 మంది చనిపోయారు. అక్కడ ఎవరూ గుద్దిన దెబ్బకు పోలేదు, పొగకూ మంటకూ పోయారు. ఆ తర్వాత స్కూలు బస్సులకు పక్క తలుపులు, తెరుచుకునే కిటికీలు, పైకప్పు మూతలు పెరిగాయి.

అయినా బస్సు విషయంలో ప్రపంచమంతా ఒక లోపం మిగిలే ఉంది. తలుపు కొలత సరిపోయిందా, సంఖ్య సరిపోయిందా అని చూస్తారు. నిండా మనుషులను కూర్చోబెట్టి, దీపాలు ఆర్పి, ఎంతసేపట్లో బయటికొస్తారో చూపించమని బస్సు తయారీదారును అడగరు. విమానం తయారీదారును అడుగుతారు.

విమానంలో

కోనసీమకు దగ్గరి విమానాశ్రయం రాజమహేంద్రవరం పక్కన మధురపూడి. అక్కడికి వచ్చే చిన్న ఏటీఆర్ 72 విమానం ఎక్కినవాళ్లకు వెనక నుంచి ఎక్కడం గుర్తుంటుంది. ఎడమ వెనక తలుపు కిందికి తెరుచుకుంటుంది, దానికే మెట్లు ఉంటాయి. దానికి ఎదురుగా కుడివైపు సామాను సర్దే సిబ్బంది తలుపు. ముందు వరుస పక్కన రెండువైపులా అత్యవసర ద్వారాలు. ఈ విమానం నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి జారుడుబల్లలు లేవు. ద్వారం గడప నేల నుంచి ఆరడుగులకు మించి ఎత్తులో ఉంటేనే జారుడుబల్ల తప్పనిసరి.

పెద్ద విమానాల్లో తలుపుకే జారుడుబల్ల అమర్చి ఉంటుంది. విమానం కదలకముందు సిబ్బంది దాన్ని గడపకు తగిలిస్తారు. ఆ తర్వాత తలుపు తెరిస్తే సిలిండరులోని గ్యాసు బయటి గాలిని కూడా లాక్కుని ఆరు సెకన్లలో బల్లను ఉబ్బిస్తుంది. గమ్యం చేరాక మళ్లీ విప్పుతారు. ఎయిర్‌బస్ ఏ320లో ముందూ వెనకా కలిపి నాలుగు తలుపులు, రెక్కల మీద నాలుగు చిన్న ద్వారాలు. ఆ చిన్న ద్వారపు పలకను ప్రయాణికుడే మీట లాగి, ఊడదీసి, బయటికి విసిరేయాలి. అది పదిహేను కిలోల దాకా బరువుంటుంది. బోయింగ్ 737లో కొత్త రకాలకు అది బందుల మీద పైకి దానంతటదే లేస్తుంది.

ఆకాశంలో ఎవరైనా తలుపు తెరిస్తే ఎలా అన్న భయం కొత్తవాళ్లందరికీ ఉంటుంది. తెరవలేరు. పైన గాలి పలచన కాబట్టి లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంచుతారు. ఆ తేడాతో ఏ320 తలుపు మీద పడే బలం ఎనిమిది టన్నుల పైమాటే. చాలా తలుపులు తొట్టి అడుగున పెట్టే బిరడాలా లోపలి ఒత్తిడికే బిగుసుకుంటాయి. నేలకు దగ్గరపడే కొద్దీ ఈ తేడా తగ్గిపోతుంది. 2023 మే 26న దక్షిణ కొరియాలో దిగబోతున్న విమానంలో ఒక ప్రయాణికుడు అత్యవసర ద్వారం తెరవగలిగింది అందుకే. నేలకు కేవలం ఏడు వందల అడుగుల ఎత్తులో. అందరూ క్షేమంగా దిగారు. 2024 జనవరి 5న అమెరికాలో బోయింగ్ 737 మాక్స్ 9 గోడలో తలుపు స్థానాన్ని మూసిన పలక ఊడిపోయింది. బిగించాల్సిన బోల్టులు నాలుగూ లేవని దర్యాప్తులో తేలింది.

ఇక తొంభై సెకన్ల నియమం. 44కి మించి సీట్లున్న విమానాన్ని నిండా మనుషులతో, చీకట్లో, సగం ద్వారాలు మాత్రమే వాడుతూ 90 సెకన్లలో ఖాళీ చేయించి చూపాలి. ఏ ద్వారాలు తెరుచుకోవో లోపలివాళ్లకు ముందు చెప్పరు. ఏ380కి 2006 మార్చిలో జర్మనీలో ఈ పరీక్ష జరిగింది. 16 ద్వారాల్లో ఎనిమిదింటిలోంచి 873 మంది 78 సెకన్లలో దిగారు. విమానంలో సీట్ల సంఖ్యకు హద్దు ఈ ద్వారాల శక్తిని బట్టే. ఒక బెర్తు కోసం ద్వారానికి అడ్డం పెట్టడం అక్కడ కుదరదు.

ఇన్ని నియమాలూ ప్రమాదాల నుంచే పుట్టాయి. 1980 ఆగస్టు 19న రియాద్‌లో మంటలతో దిగిన సౌదియా విమానం తలుపులు ఇరవై నిమిషాలకు పైగా తెరుచుకోలేదు. ఉన్న 301 మందీ చనిపోయారు. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో రన్‌వే మీదే కాలిన విమానంలో రెక్క మీది ద్వారపు పలక ఊడి పక్క సీటులోని మనిషి మీద పడింది, ఆ దారి ఆలస్యమైంది. 55 మంది పోయారు. రెక్కల దగ్గరి సీట్ల మధ్య ఎడం పెరగడం, సిబ్బంది ఆ వరుసలో కూర్చున్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పడం దాని తర్వాతే బలపడ్డాయి. మంగళూరులో 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన విమానం లోయలో పడితే 158 మంది చనిపోయారు. బతికిన ఎనిమిది మంది పగిలిన గోడలోంచి బయటపడ్డారు. అహ్మదాబాదులో 2025 జూన్ 12న కూలిన విమానంలో బతికింది ఒక్కరే, అత్యవసర ద్వారం పక్కనున్న 11ఏ సీటు ప్రయాణికుడు. ఆ సీటు అదృష్టమని బుక్ చేసుకోవడంలో అర్థం లేదు. ప్రతి ప్రమాదంలో విమానం ఒక్కోలా విరుగుతుంది.

గల్ఫ్ ప్రయాణికులు తెలుసుకోవాల్సింది మాత్రం 2016 ఆగస్టు 3 నాటి సంగతి. తిరువనంతపురం నుంచి వెళ్లిన ఎమిరేట్స్ విమానం దుబాయిలో పొట్ట మీద దిగి అంటుకుంది. లోపల 300 మంది. అందరూ బయటపడ్డారు గానీ, చాలామంది పైనున్న సంచులు దించుకోవడానికి ఆగారు. కాసేపటికే విమానం పేలి ఒక అగ్నిమాపక ఉద్యోగి చనిపోయాడు. 2024 జనవరి 2న టోక్యో హనేదాలో నిప్పంటుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో 379 మంది, ఎనిమిది ద్వారాల్లో మూడే పనికొచ్చాయి. సామాను వదిలేసి అందరూ దిగారు, అందరూ బతికారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన బంగారం, పాస్‌పోర్టు సంచిలో ఉన్న మనిషికి ఆ సంచి వదలడం ఎంత కష్టమో ఊహించవచ్చు. పాస్‌పోర్టును, విలువైనవాటిని ఒంటి మీదే ఉంచుకుంటే ఆ పెనుగులాట ఉండదు.

గుర్తులు, మాటలు

అత్యవసర ద్వారం వరుసలో పిల్లలను, గర్భిణులను, పలక ఎత్తలేనివాళ్లను కూర్చోబెట్టరు. సిబ్బంది చెప్పింది అర్థమైందని ఆ వరుసవాళ్లు నోటితో ఒప్పుకోవాలి. తెలుగు తప్ప రాని మనిషి ఆ సీటులో పడితే తల ఊపి ఊరుకోకుండా, అర్థం కాలేదని చెప్పి వేరే సీటు అడగాలి. కొత్త విమానాల్లో ఎర్ర ఇంగ్లీషు అక్షరాల బదులు తలుపు వైపు పరిగెత్తే ఆకుపచ్చ మనిషి బొమ్మ వెలుగుతుంది. చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది. జపాన్‌లో యుకియో ఓటా రూపుదిద్దిన ఆ బొమ్మ ఇప్పుడు సినిమా హాళ్లలో, ఆసుపత్రుల్లో కూడా కనిపిస్తుంది. నడవ పొడుగునా నేలకు అంటించిన మెరిసే పట్టీలు పొగ కమ్మినప్పుడు పాకుతూ వెళ్లేవాళ్లకు దారి చూపుతాయి, పొగ పైకి లేస్తుంది కాబట్టి. ఆర్టీసీ బస్సుల మీద ద్వారం పేరు తెలుగులోనే ఉంటుంది. వేరే రాష్ట్రాల్లో రిజిస్టరైన ప్రైవేటు స్లీపర్లు చాలావాటిలో ఇంగ్లీషు ఒక్కటే, అదీ తెర వెనక. కోనసీమ నుంచి బయల్దేరే ప్రతి రాత్రి బస్సులోనూ కిటికీ దగ్గర, సుత్తి దగ్గర, తలుపు మీది ఎర్ర గుండీ దగ్గర తెలుగులో రాయించి పక్కన ఆ బొమ్మ అంటించడం, బస్సు కదలకముందు క్లీనరు రెండు నిమిషాలు నిలబడి వాటిని చేత్తో చూపించడం ఈ రోజే మొదలుపెట్టగల పనులు.